స్కూబా పరికరాల మరమ్మతు: సొంత చేతా, మెకానిక్కు చేతా?

సావనీరుకి స్కూబా డైవింగ్ మీద వ్యాసం రాస్తానని చెప్పగానే సంపాదకవర్గంలోని మిత్రుడొకడు, "రైతుబిడ్డవి, దుక్కి గురించి రాస్తావనుకుంటే సముద్రం గురించి రాస్తానంటావేమిట్రా?" అని నవ్వాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. మా వూరికి సముద్రం కనపడదు. వూరి చెరువు దాటి ఈదినవాణ్ణి కాను. అయినా రెండో సంవత్సరం పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో రెండు నెలలు విశాఖ తీరాన డైవింగ్ నేర్పే ఒక చోట పనికి కుదిరాను. సిలిండర్లు మోయడం, పరికరాలు కడగడం నా పని. మెస్సు బకాయి తీర్చుకోవాలన్నది ఒక కారణం. జీతం తోపాటు డైవింగ్ కూడా నేర్పుతామన్నది రెండో కారణం.

అక్కడ నేను నేర్చుకున్నదాంట్లో డైవింగ్ పావు వంతు. మిగతా ముప్పావూ రబ్బరు రింగులూ, స్ప్రింగులూ, ఉప్పునీరూను. ఒక తప్పు కూడా చేశాను. ఆ తప్పు వల్లే ఈ వ్యాసం.

పరికరం చెడితే మనమే విప్పి బాగుచేసుకోవాలా, డబ్బిచ్చి తెలిసినవాడి చేత చేయించుకోవాలా? పంపుసెట్టున్న ప్రతి రైతుకీ, సైకిలున్న ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. కాకపోతే సైకిలు దారిలో చెడితే దిగి నడిపించుకుంటూ వస్తాం. ఇరవై మీటర్ల లోతులో శ్వాసపరికరం చెడితే ఆ అవకాశం లేదు.

పరికరం పనిచేసే తీరు

నీటిలోకి గాలి పట్టుకెళ్ళడం కష్టం కాదు, దాన్ని పీల్చుకోవడం కష్టం. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై మీటర్ల దగ్గర మూడు. ఒక మీటరు లోతులో ఉన్నవాడికి ఒడ్డు మీదనుంచి గొట్టం వేసినా ఛాతీ మీది నీటి ఒత్తిడికి ఊపిరి లోపలికి పోదు. కాబట్టి ఏ లోతులో ఉంటే ఆ లోతు పీడనంతోనే గాలి నోటికందాలి. సిలిండర్లో గాలి సుమారు 200 బార్ల పీడనంతో ఉంటుంది. అంటే గోరంత చోటుమీద రెండు బస్తాల వడ్లు పెట్టినంత బరువన్నమాట. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే.

ఈ 200ని మెత్తని ఊపిరిగా మార్చేది రెగ్యులేటరు. దీన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ అనే ఇద్దరు తయారుచేశారు. కూస్తో నౌకాదళ అధికారి, గాన్యాఁ ఇంజనీరు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లు గ్యాసుతో నడుస్తుండేవి. ఆ గ్యాసును కావలసినంత మాత్రమే ఇంజనుకు వదిలే కవాటం ఒకటి గాన్యాఁ దగ్గరుంది. దాన్నే మనిషి ఊపిరికి తగినట్టు మార్చారు. అంటే ఈ పరికరం పుట్టుకే ఒక మెకానిక్కు బుర్రలోంచి వచ్చిందని చెప్పవచ్చు.

రెగ్యులేటరుకి రెండు అంచెలు. సిలిండరుకి బిగించేది మొదటి స్టేజీ. అది 200 బార్లను, చుట్టూ ఉన్న నీటి పీడనానికి పైన తొమ్మిది పది బార్లకు తగ్గిస్తుంది. దీన్ని మధ్య పీడనం అంటారు. అక్కడనుంచి గొట్టం ద్వారా నోటి దగ్గరి రెండో స్టేజీకి గాలి వస్తుంది. ఆ డబ్బాలో ఒక రబ్బరు పొర, దాని వెనక ఒక లివరు, లివరుకి ఒక చిన్న వాల్వు. మనం పీల్చగానే పొర లోపలికి వంగి లివరును నొక్కుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. పీల్చడం ఆపగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. వదిలిన గాలి పల్చటి రబ్బరు రెక్క ఒకటి తెరుచుకుని బుడగలుగా పోతుంది. అంతే! ఇందులో అర్థం కాని బ్రహ్మవిద్య ఏమీ లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. అర్థమైనంత మాత్రాన చేయగలమనిపిస్తుంది.

నా ఘనకార్యం

ఒక సాయంత్రం పరికరాలు కడుగుతుంటే ఒక రెగ్యులేటరు రెండో స్టేజీలోంచి సన్నగా బుస్సుమని గాలి పోతోంది. మా పెద్ద డైవరు నౌకాదళంలో చేసి వచ్చినవాడు. మేమంతా ఆయన్ని అన్నా అంటాం. ఆయన ఊళ్ళో లేడు. సర్వీసుకి పంపాలంటే వేరే ఊరు పంపాలి, కొన్ని వేల ఖర్చు, వచ్చేదాకా వారాలు. మర్నాడు దాన్ని డైవింగ్ నేర్చుకోవడానికొచ్చిన ఒక పదోతరగతి కుర్రాడికి ఇవ్వాలి. నేను ఫోనులో రెండు వీడియోలు చూసి, మూత విప్పి, వాల్వు స్ప్రింగు కాస్త బిగించి, మళ్ళీ మూసేశాను. బుస ఆగింది. పీల్చి చూశాను, గాలి వచ్చింది. ఆ రాత్రి నా అంతటివాడు లేడనుకుని పడుకున్నాను.

పొద్దున్నే అన్న వచ్చాడు. సంగతి చెప్పాను. ఆయన తిట్టలేదు. "తమ్ముడూ, నువ్వు బాగుచేసింది ముందు నీ నోట్లోనే ఉండాలి. పద," అని నన్ను వెంట తీసుకెళ్ళాడు.

ఎనిమిది మీటర్ల దగ్గర మొదటి నాలుగు ఊపిర్లూ బాగానే వచ్చాయి. తల కాస్త పక్కకి తిప్పి పీల్చేసరికి గాలితోపాటు ఉప్పునీళ్ళు గొంతులో పడ్డాయి. దగ్గాను. మళ్ళీ పీల్చాను, మళ్ళీ నీళ్ళు. బాయిల్ సూత్రం రాసి నిండా మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఊపిరి బిగబట్టి పైకి పోతే, ఎనిమిది మీటర్ల దగ్గర ఛాతీలో పట్టిన గాలి పైకొచ్చేసరికి 1.8 రెట్లయి ఊపిరితిత్తులు చిరిగిపోతాయని తెలుసు. ఆ క్షణంలో ఆ సూత్రమేదీ గుర్తు లేదు. ఊపిరి బిగబట్టాను, కాళ్ళు వాటంతటవే పైకి తన్నడం మొదలెట్టాయి. అన్న నా భుజం పట్టీ ఒడిసి పట్టుకుని కిందికి లాగి, తన దగ్గరున్న అదనపు రెగ్యులేటరు నా నోట్లో పెట్టాడు. రెండు నిమిషాలు కళ్ళలోకి చూస్తూ నాచేత ఊపిరి తీయించి, అప్పుడు మెల్లగా పైకి తెచ్చాడు.

పడవలో కూర్చున్నాక నాకు వణుకు తగ్గలేదు. నా గురించి కాదు, ఆ పదోతరగతి కుర్రాడి గురించి.

తప్పులు రెండు

తర్వాత వేరే ఊరినుంచి వచ్చిన మెకానిక్కు ఆ రెగ్యులేటరును నా ముందే విప్పాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. "చూడు బాబూ" అని రెండు తప్పులు చూపించాడు.

మొదటిది, మూత పెట్టేటప్పుడు రబ్బరు పొర అంచు ఒక పక్క మడత పడింది. ఒడ్డున ఉన్నప్పుడు ఆ సందులోంచి బయటి గాలి వస్తుంది. గాలిలో గాలి కలిస్తే మనకెలా తెలుస్తుంది? నీటిలో అదే సందులోంచి నీళ్ళొస్తాయి. దీన్ని కనిపెట్టడానికి ఏ యంత్రమూ అక్కర్లేదట. సిలిండరుకి బిగించకుండా, మొదటి స్టేజీకి మూత పెట్టి, నోట్లో పెట్టుకుని పీల్చి చూడాలి. గాలి చుక్క కూడా రాకుండా బిగుసుకుపోవాలి. వచ్చిందా, ఎక్కడో సందుంది. పది సెకన్ల పని. నాకది తెలియదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. బుసకొట్టింది రెండో స్టేజీయే గాని, రోగం మొదటి స్టేజీలో ఉంది. 200 బార్లను ఆపేది గట్టి ప్లాస్టిక్కు సీటు ఒకటి. అది లోహపు అంచుకి నిరంతరం ఒత్తుకుని ఒత్తుకుని గాడి పడుతుంది. అప్పుడు పూర్తిగా మూసుకోక గాలి కొద్ది కొద్దిగా పాకుతుంది. మధ్య పీడనం పెరుగుతుంది. ఎక్కువైన గాలి రెండో స్టేజీ వాల్వును తోసుకుని బయటికి పోతుంది. ఇది కావాలని చేసిన ఏర్పాటు. ఏం చెడినా గాలి ఆగిపోకుండా, గాలి ఎక్కువగా వచ్చేటట్టు దీన్ని రూపొందించారు. ఆ బుస పరికరం మనకి చెప్పే మాట. నేను స్ప్రింగు బిగించి దాని నోరు మూశాను. జ్వరం వస్తే థెర్మామీటరు పగలగొట్టినట్టు!

మెకానిక్కు మధ్యపీడనం గేజి తగిలించాడు. ముల్లు తొమ్మిదిన్నర దగ్గరికి వచ్చి ఆగాలి. ఆగలేదు. పది దాటి, పదకొండు దాటి మెల్లగా పాకుతూనే ఉంది. సీటు మార్చి, రింగులు మార్చి మళ్ళీ తగిలించాడు. ముల్లు తొమ్మిదిన్నర దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. "ఈ పానాలూ స్క్రూడ్రైవర్లూ నువ్వు కూడా కొనుక్కోవచ్చు బాబూ. జనం నాకిచ్చే డబ్బు వాటికి కాదు, దీనికి," అని ఆ గేజి మీద వేలితో కొట్టాడు.

ఇరుపక్షాల వాదన

సొంతంగా చేసుకోవాలనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. ఖర్చు ఒకటే కాదు. తన పరికరాన్ని తను విప్పి చూసుకున్నవాడికి దాని ప్రతి చప్పుడూ తెలుస్తుంది. పైగా ఒకేసారి పది రెగ్యులేటర్లు ముందేసుకున్న మెకానిక్కుకి మన ప్రాణం మీద మనకున్నంత శ్రద్ధ ఉండకపోవచ్చు. సర్వీసునుంచి వచ్చిన పరికరం మొదటి డైవులోనే మొరాయించడం ఈ రంగంలో అందరూ ఎరిగినదే. విప్పి బిగించిన ప్రతిసారీ తప్పుకి ఒక అవకాశమిచ్చినట్టే. ఇక చాలా కంపెనీలు విడిభాగాలను తమ అధీకృత మెకానిక్కులకు తప్ప మామూలువాళ్ళకు అమ్మవు. ఇది భద్రత కోసమని కంపెనీలంటాయి. వ్యాపారం కోసమని కొనేవాళ్ళంటారు. రెండింటిలోనూ కొంత కొంత నిజముంది.

మెకానిక్కు పక్షాన కూడా బలం ఉంది. అతని దగ్గర ఆ మోడలు కొలతల పట్టిక ఉంటుంది, సరైన పనిముట్లుంటాయి. ఇత్తడి సీటు అంచు మీద ఇనప పిన్నుతో ఒక గీత పడితే చాలు, కొత్త రింగు వేసినా గాలి కారుతుంది. ఈ మాత్రం జాగ్రత్త వీడియోలో కనపడదు. వందసార్లు చేసిన చేతికే వస్తుంది.

నాకు అర్థమైనదేమంటే, సొంతమా పరాయా అన్నది అసలు ప్రశ్నే కాదు. బాగుచేశాక, అది బాగైందని ఒడ్డునే తేల్చుకోగలమా, లేదా? తేల్చుకోగలిగిన పని మనం చేసుకోవచ్చు. తేల్చుకోలేని పని, ఎంత సులువుగా కనపడినా, తేల్చగలవాడికి ఇవ్వాలి.

ఏది మన పని, ఏది కాదు

ఈ లెక్కన చూస్తే కొన్ని పనులు నిస్సందేహంగా మనవే. డైవు కాగానే మంచినీటిలో నానబెట్టి కడగడం వాటిలో మొదటిది. ఉప్పు ఎండితే స్ఫటికాలవుతుంది. ఆ స్ఫటికాలు ఆకురాయిలా రబ్బరును కోస్తాయి. కడిగేటప్పుడు మొదటి స్టేజీ మూత బిగించి ఉండాలి, రెండో స్టేజీ బటను నొక్కకూడదు. లేకపోతే నీళ్ళు లోపలికి పోతాయి. కొరికి కొరికి చిరిగిన మౌత్‌పీసు మార్చి ప్లాస్టిక్కు పట్టీ బిగించడం, కళ్ళద్దాల పట్టీ, కాలిరెక్కల పట్టీ మార్చడం, చిరిగిన రబ్బరు దుస్తులను దానికి తగిన జిగురుతో అతకడం, సిలిండరు మూతి దగ్గరి ఓ-రింగు మార్చడం, ఇవన్నీ ఎవరైనా చేసుకోవచ్చు. వీటిలో తప్పు జరిగితే ఒడ్డునే కంటికో చెవికో తెలుస్తుంది.

రెండో రకం, నేర్చుకుని, కొలిచే సాధనం దగ్గర పెట్టుకుని చేయదగినవి. రెండో స్టేజీ సర్దుబాటు ఇలాంటిది. ఎంత బలంగా పీలిస్తే వాల్వు తెరుచుకుంటుందో కొలవాలి. సాధారణంగా అది రెండున్నరనుంచి నాలుగు సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం. మన ఫిజిక్సు ల్యాబులోని యు-గొట్టం మానోమీటరుతో దీన్ని కొలవవచ్చంటే మీరు నమ్మాలి! సిలిండరుకి తగిలించాక మధ్య పీడనం గేజి చూడటం కూడా ఇందులోదే. మెకానిక్కు దగ్గర కూర్చుని నేర్చుకోకుండా, ఈ కొలతలు తీయకుండా ఇందులో వేలు పెట్టకూడదు. నేను పెట్టాను.

మూడో రకం, మన జోలికి రాకూడనిది. మొదటిది సిలిండరు. కొన్నేళ్ళకొకసారి, అమెరికా నిబంధనల ప్రకారం అయిదేళ్ళకొకసారి, దానికి నీటి పీడన పరీక్ష చేయాలి. నీటి తొట్టిలో పెట్టి, లోపల నీళ్ళు నింపి, వాడకపు పీడనానికి 5/3 వంతుల పీడనం ఇచ్చి, ఎంత ఉబ్బిందో, పీడనం తీసేశాక ఎంత మేరకు మామూలు కొలతకి రాలేదో కొలుస్తారు. రాకుండా మిగిలినది మొత్తం ఉబ్బులో పదోవంతు మించితే ఆ సిలిండరు పనికిరాదు. గాలితో కాక నీటితో ఎందుకంటే, నీరు ఇంచుమించు నొక్కుకుపోదు, శక్తిని దాచుకోదు. పగిలినా చిమ్మి ఊరుకుంటుంది. గాలితో పగిలితే గోడలు కూలతాయి. ఒకప్పుడు 6351 రకం అల్యూమినియం మిశ్రమంతో చేసిన సిలిండర్లకు మెడ దగ్గర, లోపలివైపు పగుళ్ళు వచ్చి కొన్ని పేలాయి. అలాంటి పగులు పైకి కనపడదు. మెడ లోపల చూడటం తెలిసినవాడికే దొరుకుతుంది.

ఆక్సిజను పాలు ఎక్కువున్న గాలికి వాడే పరికరాలు కూడా ఈ మూడో రకానివే. వాటిలో మామూలు గ్రీజు చుక్క ఉన్నా, అధిక పీడనపు ఆక్సిజను తగిలి మంటలు రావచ్చు.

ఒక రబ్బరు ముక్క

రబ్బరు రింగు గురించి విడిగా చెప్పాలి. 1986 జనవరి 28న అమెరికా చాలెంజర్ నౌక గాలిలో పేలి ఏడుగురు వ్యోమగాములు పోవడానికి కారణం రాకెట్టు కీళ్ళలోని ఓ-రింగు. ఆ ఉదయపు చలికి అది బిగుసుకుపోయి సందు మూయలేకపోయింది. రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త విచారణ సంఘం ముందు, ఆ రబ్బరు ముక్కను నొక్కిపెట్టి ఐసునీళ్ళ గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే మామూలు ఆకారానికి రావడంలేదని చూపించాడు. కళ్ళముందు కనపడే పరీక్షంటే అదీ.

అమెరికా దాకా ఎందుకు, మా ఇంట్లోనే జరిగింది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మందు కొట్టే మా స్ప్రేయరు వాషరు పోయింది. బజారుకెళ్ళడం దేనికని, పాత సైకిలు ట్యూబు కత్తిరించి వాషరు చేసి వేశాను. మంచినీళ్ళు పోసి అయిదు నిమిషాలు కొట్టి చూశాను. చుక్క కారలేదు. నాన్న కూడా మెచ్చుకున్నాడు. మర్నాడు పొలంలో మందు పోసి వీపుకి తగిలించుకున్నాడు. మందులో కలిసే ద్రావకానికి ట్యూబు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందని నాకప్పుడు తెలియదు. సగం మడి అయ్యేసరికి కారడం మొదలైంది. వీపు తడిస్తే చెమటనుకున్నాడు నాన్న. సాయంత్రానికి వాంతులు, నోట చొంగ, చూపు మసక. ఆటోలో టౌను ఆస్పత్రికి తీసుకెళ్తే రెండు రోజులు అట్రోపిన్ ఎక్కించారు.

అప్పుడూ పరీక్ష చేశాననే అనుకున్నాను. చేసింది నీళ్ళతో, వాడింది మందుతో. రెగ్యులేటరును పరీక్షించింది గాలిలో, వాడింది నీటిలో. రెండుసార్లూ నా చేతిపని కుదిరింది. కుదరనిది పరీక్ష.

చివరిగా

మిత్రులకు నేను చెప్పదలచుకున్నదింతే. చేతిపని మానేయమనడం లేదు. విప్పి చూడనివాడికి శాస్త్రం వంటబట్టదు. కాని స్క్రూ విప్పే ముందే, తిరిగి బిగించాక దేనితో కొలవాలో తెలుసుకోండి. మెకానిక్కుకి ఇచ్చినా సరే, పరికరం తీసుకునేటప్పుడు "ఏం మార్చారు? కొలత ఎంత వచ్చింది?" అని అడగండి. మంచి మెకానిక్కు ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు. చెప్పలేనివాడికి మళ్ళీ ఇవ్వకండి. తీసుకున్నాక మొదటి డైవు లోతులేని చోట చేయండి.

మా నాన్న ఇప్పటికీ స్ప్రేయరు వాషరు తనే వేసుకుంటాడు. మెకానిక్కుకి ఇవ్వమని నేనూ అనను. అయితే కంపెనీ వాషరు కొని తెస్తాడు. మందు కలిపాక, వీపుకెత్తుకునే ముందు, స్ప్రేయరును గట్టుమీద పొడి గోనెసంచి పరిచి దాని మీద పెట్టి, గాలి ఎక్కించి, చుట్ట ఒకటి పూర్తిగా కాల్చుకునేంతసేపు దూరంగా కూర్చుంటాడు. లేచి ముందు సంచి చూస్తాడు. అది పొడిగా ఉంటేనే మడిలోకి దిగుతాడు.